వెనక్కి జారిన భుజం

నేను అంగన్‌వాడీ టీచర్ని. తండాలో పాతికమంది పిల్లలతో చేతులు చాపించి, కడిగించి, గుగ్గిళ్ళు పెట్టడం నా పని. నోరు మూసుకుని ఉండడం నాకు చేతకాదు. మా పుట్టింట్లో నన్ను రేడియో అనేవాళ్ళు. అలాంటిదాన్ని రెండువేల ఐదు ఎండాకాలంలో పద్దెనిమిది రోజులు ఒక్క విషయం కడుపులో పెట్టుకుని తిరిగాను.

మాది ములకలపల్లికి ఐదారు కిలోమీటర్లు లోపల, అడవి అంచున. ఏప్రిల్ నెలాఖరుకు బీడీలు చుట్టే తునికాకు కోత మొదలైందంటే మూడు వారాలు ఏ ఇంట్లోనూ సరైన నిద్ర ఉండదు. చీకటితోనే అడవిలో పడాలి. ఎండ ముదరకముందే మూటలతో ఇల్లు చేరాలి. యాభై ఆకులకో కట్ట కట్టి పొద్దుగూకేసరికి కాంట్రాక్టరు ఆకు కొనే కల్లంలో అప్పజెప్పాలి. ఆ ఏడు మా ఆయన రామ్‌చందర్ కూడా ఇంటి దగ్గరే ఉన్నాడు. ఆరేళ్ళు కొత్తగూడెంలో ఒక సేటు దగ్గర లారీ నడిపి, ఆ మార్చిలో మానేసి వచ్చేశాడు. ఆర్టీసీ డ్రైవర్ల లిస్టులో ఆయన పేరు వచ్చింది. మెడికల్‌కీ, ట్రైనింగుకీ రమ్మని జూన్ లోపల కాగితం వస్తుందన్నారు. తండా పిల్లలు అప్పుడే ఆయన కనబడితే చాలు "రైట్ రైట్" అని వెంటపడేవాళ్ళు. ఆయన మురిసిపోయేవాడు. నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు.

ఊరికే కూర్చోలేక ఆయన కల్లంలో పనికి ఒప్పుకున్నాడు. సాయంత్రం కట్టలు లెక్క చూసుకోవడం, ఆ తర్వాత గాలిదుమ్ముకు ఆకు ఎగిరిపోకుండా కావలి కాయడం, మళ్ళీ కోడి కూయకముందే మాతోపాటు అడవికి రావడం. పది రోజులపాటు రోజుకు మూడు గంటలు కునుకు తీశాడో లేదో. పడుకోమంటే, "లారీ మీద ఇంతకన్నా అధ్వాన్నమైన దినాలున్నయి" అని నవ్వేవాడు.

మే ఎనిమిదో తారీఖు, ఆదివారం మధ్యాహ్నం. ఆయన అన్నం తిని వసారాలో మంచం మీద ఒరిగాడు. నేనూ మా అత్త పూలీ కింద కూర్చుని ఆకు కడుతున్నాం. ఆయన గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. గురక అనుకుని తల ఎత్తాను. కళ్ళు తెల్లగా తేలేసి ఉన్నాయి. రెండు చేతులూ రొమ్ముకు బిగుసుకుపోయి, ఒళ్ళంతా కొయ్యబారి, ఆ తర్వాత కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ కొట్టుకోవడంలోనే మంచం మీద నుంచి కింద పడ్డాడు.

నేను చేతిలో కట్ట వదిలేసి చూస్తూ ఉండిపోయాను. మా అత్త అరవలేదు, ఏడవలేదు. ముందు లేచి వెళ్ళి వసారా తలుపు గడియ పెట్టింది. తర్వాత కొడుకు తల పక్కకు తిప్పి, గోడకున్న తాళంచెవుల గుత్తి తీసి ఆయన పిడికిట్లో ఇరికించింది. నోటి నురగ తుడిచింది. అన్నీ వరసగా, తడబాటు లేకుండా చేసింది. అప్పుడే నాకు తెలిసిపోయింది, ఇది మొదటిసారి కాదని.

ఆయనకు పూర్తిగా తెలివి వచ్చేసరికి తడిసిన లుంగీ మార్చేసింది. తాళాలు మళ్ళీ గోడకు ఎక్కాయి. తలుపు తెరిచి ఉంది.

"నిద్రల మంచం మీదికెల్లి పడ్డవ్ కొడుకా," అంది.

"అవ్, నాలుక గూడ కొరుక్కున్న," అన్నాడు ఆయన మబ్బుగా. లేవబోయి, కుడి భుజం పట్టుకుని కూలబడ్డాడు.

ఇంట్లో మేం మాట్లాడుకునేది లంబాడీ. ఇక్కడ మీ కోసం తెలుగులో చెబుతున్నాను, ఆయన తల్లిని పిలిచే 'యాడీ' అన్న మాట ఒక్కటి తప్ప. మా అత్త నన్ను ఇంటి వెనక్కి తీసుకుపోయి, చెయ్యి గట్టిగా పట్టుకుని చెప్పింది.

"పదిహేనేండ్లప్పుడు ఆఖరుసారి వచ్చింది. పదమూడేండ్లాయె. పోయింది అనుకున్న."

"ఆయనకు తెల్వదా?"

"తెల్వది. తెల్వనియ్యలె. వచ్చినోనికి వచ్చిందని చెప్పొద్దు. చెప్తే అది తొవ్వ గుర్తుపట్టి మళ్ళొస్తది. మా అమ్మ మా అన్నకు చెప్పింది. ఆయన ఏమయిండో నేను చూసిన."

"అత్తా, దవాఖానల చెప్పాలె గదా..."

"దవాఖానల చెప్తే కాయితం మీద రాస్తరు. రాసిన కాయితం ఆర్టీసీ దాక పోతది. నీ ఇష్టం."

నా ఇష్టమే. నేను తలూపాను. అంగన్‌వాడీ ట్రైనింగులో మూర్ఛకు మందులున్నాయని మాకు బొమ్మలు చూపించి మరీ చెప్పారు. గర్భిణులకు నేనే ఆ ముక్క పదిసార్లు చెప్పి ఉంటాను. కానీ డిపో ఉన్న ఊళ్ళో ఒక అద్దె ఇల్లు, నల్లా నీళ్ళు, నెల మొదట్లో జీతం, ఇవన్నీ నేను అప్పటికే మనసులో సర్దేసుకున్నాను. తలూపింది మా అత్తకు భయపడి కాదు.

మర్నాడు పొద్దున దూలయ్యను పిలిపించాం. పక్క ఊరి కోయపెద్ద. తాడిచెట్ల మీద నుంచి పడ్డవాళ్ళ చేతులూ కాళ్ళూ సరిచేసి కట్టు కడతాడు. ఆయన మా ఆయన చేత చొక్కా విప్పించి, ఎదురుగా కూర్చుని, రెండు భుజాలూ రెండు చేతులతో చాలాసేపు తడిమి చూశాడు. మా ఆయన కుడిచెయ్యి పొట్టకు అంటుకుపోయి ఉంది. పక్కకు తీయబోతే పళ్ళు బిగబట్టాడు.

"ఎట్ల పడ్డడు?" అన్నాడు దూలయ్య.

"మంచం మీదికెల్లి," అంది మా అత్త.

దూలయ్య మంచం వైపు చూశాడు. మోకాలెత్తు కూడా లేదు అది.

"భుజం జారితె ముందుకు జారుతది. ఎముక గుండు ఈడ చేతికి తగుల్తది, పైన గుంట పడ్తది. అది నాకెరుకె, ఎన్నో లాగిన. ఇది గట్ల లేదు. నా చేతికి తెల్వనిదాన్ని నేను లాగను."

"జర లాగి చూడరాదు పెద్దాయనా," అని మా అత్త బతిమాలింది.

"చూసుడు అంటె నీ కొడుకు రెక్క నాకు తిరిగొస్తదా? పట్నం తీస్కపోండ్రి," అని లేచి, ఇచ్చిన చాయ్ తాగి వెళ్ళిపోయాడు. ఈ మొత్తం వ్యవహారంలో నిజం మాట్లాడినవాళ్ళలో ఆయన మొదటివాడు.

దగ్గర్లోని పట్నంలో ఒక చిన్న ప్రైవేటు ఆస్పత్రికి తీసుకుపోయాం. ఎదురుగా నిలబెట్టి ఒక ఎక్స్‌రే తీశారు. అక్కడి డాక్టరు దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "ఎముక విరగలే, గూట్లోనే ఉన్నది, బెణికింది," అన్నాడు. మెడలో పట్టీ వేసి చెయ్యి అందులో పెట్టి, నొప్పి మాత్రలు రాసి, మూడు వారాలు కదిలించొద్దన్నాడు. ఎట్లా జరిగిందని అడిగాడు. మంచం అని చెప్పాం. రాసుకున్నాడు. మా అత్త ముఖం తేటపడింది. నాకూ ఊపిరి వచ్చింది.

ఆ ఊపిరి వారం రోజులు కూడా నిలవలేదు. నొప్పి తగ్గితే చెయ్యి వదులవ్వాలి కదా. నొప్పి తగ్గింది, చెయ్యి మాత్రం పొట్ట మీద నుంచి రాలేదు. ఒకరోజు ఆయనకు మాత్రలు ఇవ్వబోయి, అలవాటు కొద్దీ పిల్లలకు చెప్పినట్టు "చెయ్యి చాపు" అన్నాను. నవ్వుతూ పట్టీలోంచి కుడిచెయ్యి తీశాడు. అరచెయ్యి నేలవైపే ఉంది. పైకి తిప్పమన్నాను. తిరగలేదు. మోచెయ్యి లేపి, నడుము వంచి, ఒళ్ళంతా తిప్పుతున్నాడు కానీ అరచెయ్యి తిరగడం లేదు. మూడేళ్ళ పిల్లకు కూడా వచ్చే పని అది.

"పట్టీల పెట్టి పెట్టి బిగుసుకున్నది గంతే," అన్నాడు. "స్టీరింగ్ పట్టుకుంటె అదే సాగుతది."

ఆ రోజు నుంచి నేను ఆయన్ని ఒక్క నిమిషం వదలలేదు. నీళ్ళు తోడుకోవడానికి పోతే వెనకాలే పోయేదాన్ని. పొయ్యి దగ్గర కూర్చోనిచ్చేదాన్ని కాదు. కొద్దిగా రెప్పవేసినా ఊపిరి వింటూ కూర్చునేదాన్ని. "ఏంది, కొత్త పెండ్లికూతురు లెక్క ఎంబడి పడ్తున్నవ్," అని ఎగతాళి చేసేవాడు. నేనూ ఏదో ఒక వంక చెప్పి నవ్వేదాన్ని. మా అత్తా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోవడం మానేశాం.

ఆకు సీజన్ అయిపోయింది. మే ఇరవై నాలుగున, పొద్దున ఎనిమిదింటికి, మా అత్త ములకలపల్లి సంతకు పోయింది. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని రొట్టె తింటున్నాడు. నేను గ్లాసులో చాయ్ పోస్తున్నాను. రొట్టె ముక్క చేతిలోంచి జారింది. అదే గొంతు చప్పుడు.

ఈసారి నేను ఒక్కదాన్నే. తల పక్కకు తిప్పి, నోట్లో రొట్టె వేలితో తీసేశాను. తాళంచెవులు పెట్టలేదు. భుజం కింద బొంత పెట్టి కూర్చున్నాను. అయిపోయాక ఆయన నిద్రపోయాడు. లేచి, "ఏమయింది?" అన్నాడు.

"కండ్లు తిరిగినయ్," అన్నాను నేను. మా అత్త లేకపోయినా మా అత్త మాటే నా నోట్లోంచి వచ్చింది. దానికి నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

ఆ సాయంత్రం భుజం నొప్పి మొదటి రోజులా తిరగబెట్టింది. ఖమ్మం పోదామని నేను మొండికేశాను. పోతే పోదాం కానీ మాట జారొద్దని మా అత్త కళ్ళతోనే చెప్పి తనూ బయల్దేరింది.

ఇరవై ఆరున కొత్తగూడెం దాకా జీపులో, అక్కడి నుంచి ఖమ్మానికి బస్సులో పోయాం. ఎక్కగానే ఆయన డ్రైవరు వెనక సీటు పట్టుకున్నాడు. దారి పొడుగునా డ్రైవరు చేతులే చూశాడు. గేరు మారుస్తున్నప్పుడల్లా పట్టీలో ఉన్న ఆయన చెయ్యి కూడా కొద్దిగా కదిలేది. "ఈయన క్లచ్ బాగ తొక్కుతుండు," అని నా చెవిలో చెప్పాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. సీట్లు నిండి, నడుమ కూడా జనం నిలబడి ఉన్నారు. ఒకామె పిల్లాడిని ఒళ్ళో వేసుకుని నోరు తెరిచి నిద్రపోతోంది. అందరూ ఎంత ధీమాగా ఉన్నారో అనిపించింది. కిటికీలోంచి తల బయట పెట్టి కూర్చున్నాను.

ఖమ్మంలో ఎముకల డాక్టరు యాభై ఏళ్ళ మనిషి, మాట కరుకు. పాత ఎక్స్‌రే చూసి పక్కన పడేశాడు.

"చెయ్యి చాపు," అన్నాడు. "అరచెయ్యి పైకి తిప్పు."

తిరగలేదు. డాక్టరు మా ఆయన వెనక్కి వెళ్ళి భుజం వెనక భాగం వేళ్ళతో నొక్కి చూశాడు. ఇంకో ఎక్స్‌రే రాశాడు. ఈసారి మోచెయ్యి కొద్దిగా పక్కకు తీసి, చంక కింద నుంచి తీశారు. ఆ కొద్దిగా తీయడానికే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

డాక్టరు రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టాడు. "ఎదురుంగ తీసిన దాంట్ల అంత సక్కగున్నట్టే ఉంటది. గుండు జర బల్బు లెక్క గుండ్రంగ కనిపిస్తది, గంతే. చానమంది ఈడ్నే మోసపోతరు. ఇగో, కిందికెల్లి తీస్తె చూడు. గుండు గూట్ల లేదు. ఎనక్కి పోయి గూటి అంచుకు ఇరుక్కున్నది."

"బెణికింది అన్నరు సార్," అన్నాడు మా ఆయన.

"నూరు మందికి భుజం జారితె తొంభై అయిదు మందికి ముందుకు జారుతది. కింద పడితె, దెబ్బ తగిల్తె ముందుకే. ఎనక్కి పోవాలంటె ఒంట్ల కండలన్ని ఒక్కసారి బిగుసుకోవాలె. కరెంటు పట్టుకుంటె బిగుసుకుంటయి. ఫిట్స్ వస్తె బిగుసుకుంటయి. నీకేదయింది?"

"ఏది కాలే సార్. మంచం మీదికెల్లి పడ్డ."

"కరెంటు సార్," అంది మా అత్త. "బావికాడ మోటరు పట్టుకున్నడు."

మా ఆయన ఆమె వైపు వింతగా చూశాడు. "మనకు బావి యాడున్నది యాడీ?"

డాక్టరు మా ముగ్గురినీ ఒక్కొక్కరిగా చూశాడు. నేను కిందికి చూశాను.

"వినుండ్రి," అన్నాడు. "మూడు వారాలు కాలే కాబట్టి మత్తిచ్చి లాగి చూస్త. రాకపోతె కోసి పెడ్త. గూట్ల పెట్టుడు నా పని, అది ఈ రోజే చేస్త. కాని ఫిట్స్ అయితె, దానికి మందు ఎయ్యకుంట నేనెన్నిసార్లు పెట్టినా అది మళ్ళ బయటికొస్తది. మీకు పోలీసోని లెక్క అడుగుతలేను. బయటకు పోయి మాట్లాడుకోండ్రి."

బయటికి వచ్చాం. "కరెంటని ఎందుకు చెప్పినవ్?" అని ఆయన రెండుసార్లు అడిగాడు. "డాక్టర్లు ఏదో ఒకటి చెప్పందె ఇడువరు," అంది మా అత్త. ఆయన తల అడ్డంగా ఊపి ఊరుకున్నాడు. తల్లి మాట మీద అనుమానం ఆయనకు అలవాటు లేదు.

మధ్యాహ్నం రిబ్కా అనే నర్సు అట్ట మీద కాగితం పెట్టుకుని వచ్చింది. మత్తు ఇచ్చేముందు అందరినీ అడిగే ప్రశ్నలు. పెద్దామె, కళ్ళజోడు జారిపోతుంటే వేలితో తోసుకుంటూ, పాఠం చదివినట్టు అడుగుతోంది. మంచం మీద పడుకున్న ఆయన తరఫున నేనే జవాబు చెబుతున్నాను. మా అత్త నా పక్కనే కూర్చుని ఉంది. ఆమె చెయ్యి నా మణికట్టు మీద ఉంది.

"బీపీ?"

"లేదు."

"షుగర్?"

"లేదు."

"ఆయాసం, ఉబ్బసం?"

"లేదు సిస్టర్."

"ఏమన్న మందు పడకపోవుడు?"

"లేదు."

"ఫిట్స్?"

"లేవు."

"ఇంతకుముందు ఆపరేషన్లు?"

"లేవు."

ఆమె కాగితం తిప్పి నా వైపు పెన్ను చాపింది. "సంతకం ఇక్కడమ్మా."

పెన్ను తీసుకున్నాను. నా మణికట్టు మీద చెయ్యి బిగిసింది. మంచిది, పెట్టు, అన్నట్టుగా బిగిసింది.

"సిస్టర్," అన్నాను, "ఆ అయిదోది ఉన్నదని రాయండి."

రిబ్కా కళ్ళజోడు పైకి తోసుకుని కాగితం మళ్ళీ తిప్పింది. "ఫిట్సా? ఎప్పుడొచ్చింది?"

"మే ఎనిమిదిన ఒకసారి. మొన్న ఇరవై నాలుగున ఒకసారి. చిన్నప్పుడు గూడ ఉండెనట."

"మందులు వాడుతున్నడా?"

"లేదు. ఆయనకు తెల్వది."

ఆమె రాసుకుంది. మణికట్టు మీద చెయ్యి తీసేసి మా అత్త లేచి బయటకు వెళ్ళిపోయింది. ఆయన నా ముఖం చూస్తున్నాడు. కోపం కాదు. ఎవరో ముక్కూమొహం తెలియనిదాన్ని చూసినట్టు చూస్తున్నాడు. నేను సంతకం పెట్టాను. స్ట్రెచర్ వచ్చింది.

వరండాలో బల్ల మీద మా అత్త పక్కన కూర్చున్నాను. దూరంగా జరుగుతుందనుకున్నాను, జరగలేదు.

"మా అన్న పేరు దేవ్‌సింగ్," అంది. "నీకు తెలుసా? తెల్వది. మా తండాల ఎవ్వరికి తెల్వది. ముప్పై ఏండ్లు బతికినా ఫిట్సోడా అనే పిలిచిండ్రు. పెండ్లిల పంక్తిల కూసోనియ్యలె. ఆయన తాగిన చెంబు ఎవ్వరు ముట్టలె. సచ్చిపోయిన్నాడు గూడ ఫిట్సోడు పోయిండన్నరు."

"ఇప్పుడు మందున్నది అత్తా."

"మందు రోగానికున్నది. జనం నోటికున్నదా?"

నేను చేసింది తప్పనిపించలేదు. సరైన పని చేశానన్న నిబ్బరం కూడా కలగలేదు. లోపల ఆయన్ని ఏం చేస్తున్నారో అన్న భయం ఒక్కటే ఉంది.

గంట తర్వాత డాక్టరు మాస్కు కిందికి లాగి బయటికి వచ్చాడు. "లాగితె గూట్లెకొచ్చింది. చెయ్యి ఇడిస్తె మళ్ళ ఎనక్కి పోతున్నది. గుండు మీద సొట్ట పడ్డది. కోసి, ఆ సొట్టల కండ తెచ్చి కుట్టాలె. చేయమంటరా?"

మా అత్త నన్ను చూసింది. "చేయండి సార్," అన్నాను.

"ఫిట్స్ సంగతి ముందే చెప్పి మంచిపని చేసిండ్రు. మత్తు డాక్టరు దానికి తగ్గ మందు మార్చిండు," అని లోపలికి వెళ్ళిపోయాడు.

రెండున్నర గంటలు పట్టింది. ఆ రెండున్నర గంటల్లో మా అత్త ఒక్క గుక్క నీళ్ళు తాగలేదు.

తీసుకొచ్చేసరికి ఆయన చెయ్యి ఒంటికి దూరంగా, ఎవరినో ఆగమన్నట్టు అరచెయ్యి ముందుకు పెట్టి, నడుము నుంచి బెల్టులతో కట్టేసి ఉంది. ఆరు వారాలు అలాగే ఉంచాలన్నారు. ఆ తర్వాత మెల్లగా వ్యాయామం. ఫిట్సుకు ఇంకో డాక్టరు వచ్చి చూసి పొద్దునా సాయంత్రం వేసుకోమని మాత్రలు రాశాడు. ఒక్క పూట కూడా మానొద్దన్నాడు. లారీ, బస్సు మాట అడిగితే, "ఇగ ఆ లైసెన్సు మర్చిపో," అన్నాడు. అది ఆయన ముఖం మీదే అన్నాడు. మా ఆయన మాత్రల చీటీ తీసుకుని దిండు కింద పెట్టుకున్నాడు.

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం తినిపిస్తే తిన్నాడు, నీళ్ళిస్తే తాగాడు. మాత్ర ఇస్తే మాత్రం దాన్ని ఎడమచేతిలో పెట్టుకుని కాసేపు చూసి వేసుకునేవాడు. నేను కూడా కదిలించలేదు. బాత్రూంలోకి పోయి ఏడ్చుకుని వచ్చేదాన్ని.

నాలుగో రోజు మధ్యాహ్నం మా అత్త బట్టల కోసం తండాకు పోయి తిరిగి వచ్చింది. సంచీలోంచి బట్టలు తీసింది. అన్నిటికన్నా అడుగు నుంచి ఒక కవరు తీసి ఆయన పక్క మీద పెట్టింది. ఆర్టీసీ కాగితం. జూన్ పద్దెనిమిదిన మెడికల్‌కు రమ్మని.

ఆయన ఎడమచేత్తో విప్పి చదివాడు. రెండోసారి చదివాడు.

"చెయ్యి విరిగిందని టైము అడుగుదాం," అంది మా అత్త నెమ్మదిగా. "ఆపరేషన్ అయిందని చెప్పు. మిగతాది ఎవరు అడుగుతరు? మాత్రలు ఏసుకుంటున్నవ్ గదా. ఇగ రాదు."

ఆయన కాగితం మడత పెట్టాడు. మూడు రోజుల తర్వాత మొదటిసారి నా వైపు తిరిగాడు.

"ఎట్లుంటది?" అన్నాడు.

"ఏంది?"

"అది వచ్చినప్పుడు. నేను ఎట్లుంట?"

చెప్పాను. ఏదీ దాచలేదు. గొంతు చప్పుడు దగ్గర నుంచి, కళ్ళు తేలేయడం, చేతులు బిగుసుకోవడం, నురగ, లుంగీ తడవడం, అన్నీ చెప్పాను. మా అత్త చెవులు మూసుకోలేదు కానీ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. ఆయన ఇంకెవరి గురించో వింటున్నట్టు విన్నాడు.

"పిలిస్తె పలుకనా?"

"పలుకవ్. నీకేం తెల్వది."

"ఎంతసేపు?"

"మొన్న గోడ గడియారం చూసిన. రెండు నిమిషాలు. ఆ తర్వాత గూడ పావుగంట మబ్బుల ఉంటవ్."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. నన్ను తిట్టుకుంటున్నాడేమో అనుకున్నాను.

"అరవై మీద పోతె," అన్నాడు కళ్ళు తెరవకుండానే, "రెండు నిమిషాలకు రెండు కిలోమీటర్లు."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ రోజు బస్సులో నోరు తెరిచి నిద్రపోయిన ఆమె కళ్ళముందుకు వచ్చింది. కాగితం ఇంకా ఆయన వేళ్ళ మధ్యనే ఉంది. దాన్ని నాకు అందించాడు. "పద్దెనిమిదో తారీఖు నువ్వు గూడ రా. ఏమయితదో నువ్వు చూసినవ్. వాళ్ళకు నువ్వే చెప్పాలె," అన్నాడు.

తర్వాత తల కొద్దిగా ఎత్తి, కిటికీ దగ్గర నిలబడ్డ తల్లిని చూశాడు. అరవలేదు. గొంతులో కోపం కూడా లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు.

"ఆరేండ్లు లారీ నడిపిన యాడీ. నీకు తెలుసు. నీకు నిద్ర ఎట్ల పట్టింది?"

మా అత్త ఇటు తిరగలేదు.

"పట్టలే కొడుకా," అంది.